స్టేజీ ఎక్కితే చేతిలో సాసర్ గలగలమంటోంది.. మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచీ బిడియం ఎక్కువ. మా తెలుగు మేడమ్ పట్టుబట్టడంతో కాలేజీ నాటికలో కోడలి పాత్రకు ఒప్పుకున్నాను. ఉన్నవి ఏడు డైలాగులే. హాస్టల్ గదిలో తడుముకోకుండా చెబుతాను. రిహార్సల్లో స్టేజీ ఎక్కగానే గుండె దడ, నోరు ఎండిపోవడం. మామగారికి కాఫీ ఇచ్చే సీన్‌లో చెయ్యి వణికి కప్పూ సాసరూ గలగలమంటాయి. అందరూ నవ్వుతారు. నాకు ఆస్తమా ఉంది. ఆయాసం వస్తుందేమోనని ముందే రెండు పఫ్‌లు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీలుస్తున్నాను. ఫ్రెండ్ ప్రొప్రనొలాల్ మాత్ర ఇచ్చింది. నాటిక రోజు వేసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, తెనాలి

డాక్టర్ సలహా: వద్దు. ఆ మాత్ర మీ ఫ్రెండ్‌కి తిరిగి ఇచ్చేయండి. ప్రొప్రనొలాల్ గుండె దడను, వణుకును తగ్గించే మాట నిజమే. కానీ ఆస్తమా ఉన్నవాళ్లలో అది శ్వాసనాళాలను బిగదీసి తీవ్రమైన ఆయాసం తెప్పించగలదు. పైగా ఆ సమయంలో మీ ఇన్‌హేలర్ కూడా సరిగా పనిచేయకపోవచ్చు.

మీ ఉత్తరంలో నా కన్ను పడింది ఆ రెండు పఫ్‌ల మీద. సాల్బుటమాల్‌కు చేతులు వణకడం, గుండె దడ మామూలుగా కనిపించే సైడ్ ఎఫెక్ట్స్. అంటే మీ సాసర్ చప్పుడులో కొంత వాటా ఇన్‌హేలర్‌ది కావచ్చు! అలాగని మానేయొద్దు. పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టుండటం ఉంటే తప్పకుండా వాడాల్సిందే. కేవలం భయంతో ముందుగా పీల్చడం అవసరమా అన్నది మీ ఆస్తమా డాక్టర్‌ని అడగండి. రిహార్సల్‌కి ముందు కాఫీ తాగే అలవాటుంటే అదీ తగ్గించండి.

మిగతా వాటా అడ్రినలిన్ అనే హార్మోన్‌ది. పదిమంది కళ్లు మీద పడగానే ఒంట్లోకి అది ఉరుకుతుంది. గుండె వేగం పెరుగుతుంది, లాలాజలం తగ్గుతుంది, వేళ్లు వణుకుతాయి. చాలామందిలో స్టేజీ మీదికి వచ్చిన మొదటి రెండు మూడు నిమిషాలే దీని జోరు, తర్వాత మెల్లగా దిగుతుంది. రిహార్సల్ ఎగ్గొడితే మాత్రం అది దిగడం మీ శరీరానికి ఎప్పటికీ అనుభవంలోకి రాదు. అందుకే ముందు రూమ్మేట్ ఎదుట, తర్వాత నలుగురి ఎదుట, ఆపైన పక్క సెక్షన్ వాళ్ల ఎదుట చేయండి. డైలాగులు మంచం మీద కూర్చుని కాదు, నడుస్తూ, చేతిలో గ్లాసు పట్టుకుని వల్లె వేయండి. ఎంట్రీకి ముందు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఐదారు సార్లు చాలు. నోరు తడుపుకోవడానికి ఒక గుక్క నీళ్లు.

ఇక ఆ సాసర్ సంగతి. మన ఇళ్లలో మామగారికి స్టీలు గ్లాసులో కాఫీ ఇస్తే తప్పేముంది? డైరెక్టర్‌ని అడిగి మార్పించుకోండి, రెండు చేతులతో పట్టుకోండి. సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

నేను మెడికోగా ఉన్నప్పుడు ఒక నాటికలో పోస్ట్‌మ్యాన్ వేషం వేశాను. 'టెలిగ్రామ్' అన్న ఒక్క మాటే నా డైలాగు. అదీ నోట్లోంచి రాలేదు. కాగితం చేతిలో పెట్టి వచ్చేశాను. పోస్ట్‌మ్యాన్ ఏదో చావు కబురు తెచ్చి మాట పెగలక వెళ్లిపోయాడనుకున్నారట జనం!

బిడియం జబ్బు కాదు, దానికి మందు అక్కర్లేదు. అయితే క్యాంటీన్‌లో నలుగురి ముందు తినలేకపోవడం, అటెండెన్స్ పలకాలన్నా గొంతు రాకపోవడం, వైవాకి భయపడి డుమ్మా కొట్టడం ఆరు నెలలకు మించి సాగుతుంటే అది సోషల్ యాంగ్జైటీ కావచ్చు. సీబీటీ అనే మాటల చికిత్సతో బాగా తగ్గుతుంది, కొందరికి మందులు కూడా అవసరమవుతాయి. సైకియాట్రిస్ట్‌ని కలవడానికి సంకోచమైతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నాటిక రోజు ఇన్‌హేలర్‌ని హాస్టల్లో వదిలి రాకండి. సైడ్ వింగ్‌లో ప్రాంప్టింగ్ చెప్పేవారి చేతికిచ్చి, అదేమిటో వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.