యాంప్లిఫయర్‌లో ఫ్యూజ్ మారిస్తే పాట మారుతుందా?

మామూలు గాజు ఫ్యూజ్ తీసేసి ఖరీదైన "ఆడియో ఫ్యూజ్" పెడితే శబ్దం బాగుపడుతుందా అని అడిగారు. నేను పెట్టి చూశాను. తేడా లేదు. కానీ మొదటి రోజు అడిగి ఉంటే, ఉందని ఒట్టేసి చెప్పేవాణ్ణి.

ఆ రోజు ఎప్పుడూ వినే వయొలిన్ రికార్డింగే పెట్టాను. కమాను తీగ మీద పడే క్షణంలో వచ్చే సన్నని రాపిడి స్పష్టంగా వినిపించింది. ఇది ఇంతకుముందు లేదే అనుకున్నాను. వారం తర్వాత అనుమానమొచ్చి తమ్ముడి సాయం అడిగాను. నేను పక్క గదిలో ఉండగా వాడు ప్లగ్ పీకి, రెండిట్లో ఏదో ఒక ఫ్యూజ్ పెట్టి, ఏది పెట్టాడో చీటీ మీద రాసుకునేవాడు. ఒక్కోసారి తీసినదే మళ్లీ పెట్టేవాడు. వాల్యూమ్ ఎవరూ ముట్టుకోలేదు. పన్నెండు సార్లలో ఏడు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసా వేసుకున్నా దాదాపు అంతే వస్తుంది. ఆ రాపిడి రెండు ఫ్యూజ్‌లతోనూ ఉంది. మొదటి రోజు దాని కోసం చెవులు రిక్కించి విన్నాను కాబట్టి దొరికింది.

లెక్క చూసినా అంతే. గోడలోని 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 12 మిల్లీఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. బోర్డు నుంచి ప్లగ్ పాయింట్‌కి 20 మీటర్లనుకుంటే, పోనూ రానూ కలిపి దాదాపు అర ఓమ్, అంటే 500 మిల్లీఓమ్‌లు. ఫ్యూజ్‌ది కొన్ని పదుల మిల్లీఓమ్‌లే. పైగా ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దాటి, డీసీగా మారి, కెపాసిటర్లలో నిండాకే పాటకు పనికొస్తుంది. కొన్ని ఫ్యూజ్‌ల మీద బాణం గుర్తు వేసి ఈ దిక్కునే పెట్టాలంటారు. 50 హెర్ట్జ్ కరెంటు సెకనుకు వందసార్లు దిశ మార్చుకుంటుంది, ఇక దిక్కెక్కడిది?

ఒక్కచోట మాత్రం ఫ్యూజ్ శబ్దాన్ని నిజంగా తాకుతుంది. కొన్ని పాత యాంప్లిఫయర్లలో స్పీకర్‌కి వెళ్లే లైన్‌లోనే ఫ్యూజ్ ఉంటుంది. బాస్ గట్టిగా మోగినప్పుడు లోపలి తీగ వేడెక్కుతూ చల్లారుతూ ఉంటుంది, దాంతో పాటే దాని రెసిస్టెన్సూ మారుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో దానివల్ల శబ్దంలో వచ్చే వికృతిని (డిస్టార్షన్) పరికరంతో కొలవచ్చు. మీరడిగింది కరెంటు లైన్‌లోని ఫ్యూజ్ గురించి, అది వేరే సంగతి.

నా అసలు భయం ఫ్యూజ్ రేటింగ్ గురించి, అంటే అది ఎంత కరెంటుకు, ఎంత త్వరగా తెగాలో చెప్పే గుర్తు గురించి. యాంప్లిఫయర్ వెనక T3.15A 250V అని ఉంటే సరిగ్గా అదే పెట్టండి. T అంటే నిదానంగా తెగేది. స్విచ్ వేయగానే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారిగా లాగే కరెంటును అది తట్టుకుంటుంది. F, అంటే వెంటనే తెగేది, పెడితే ఊరికే తెగుతుంది. ఎక్కువ ఆంపియర్లది పెడితే, లోపం వచ్చిన రోజు ఫ్యూజ్ నిలబడి ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. ఏ ప్రమాణానికీ పరీక్ష కాని ఫ్యూజ్‌ని, ఎంత అందంగా ప్యాక్ చేసినా, నేనైతే ఇంట్లో పెట్టను.

ప్లగ్ పీకి కాసేపు ఆగి, పాత ఫ్యూజ్ బయటికి తీసి చూడండి. నా ఫ్యూజ్ లోహపు టోపీల మీద నల్లటి పొర పట్టి ఉంది, హోల్డర్ కూడా వదులుగా ఉండేది. పొడి గుడ్డతో తుడిచి, కొత్త హోల్డర్ వేయించాక అప్పుడప్పుడు వచ్చే చిటపట ఆగిపోయింది. కొత్త ఫ్యూజ్ పెట్టగానే బాగుపడిందనే వాళ్లలో కొందరికి జరిగింది ఇదేనేమో, బిగుతుగా కూర్చోవడమే.

తర్వాత స్పీకర్లను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపాను. బాస్‌లో గుయ్యిమనే మోత తగ్గింది. తమ్ముడికి ఆ సంగతి చెప్పలేదు. కళ్లు మూసుకుని ఒక్క పాట విని, "ఏం మార్చావు?" అన్నాడు.