పరకాలల ఫిజియోథెరపీ క్లినిక్ పెడుతున్న బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

పరకాలల రెండు గదులు కిరాయికి తీసుకున్నవని మీ బాపు ఫోన్ చేసి చెప్పిండు. టేబుల్ ఎంతెత్తు చేపియ్యాలె, ఏ మిషన్ కొనాలె అని నన్ను అడగమన్నవట. అవి ఆఖర్న చెప్త. ముందు చేతుల సంగతి.

నడుం నొప్పి పిర్ర కాడికొచ్చి ఆగినా మనోళ్లు సయాటికా అనే అంటరు. అసలుది మోకాలు దాటి పిక్కకు, పాదానికి దిగుతది. దగ్గినా తుమ్మినా కాలంత గుంజుతది. వెల్లకిల పండవెట్టి, మోకాలు వంగకుంట కాలు లేపి చూడు. 30 నుంచి 70 డిగ్రీల నడుమ పిక్క దాక జివ్వుమంటే నరం. తొడ ఎనుక బిగుసుకునుడే ఉంటే అది కండ. కాలి బొటనవేలు పైకి లేపే బలం తగ్గితే వెన్నుల ఎల్5 అనే నరం వేరు నొక్కుకున్నట్టు, మునివేళ్ల మీద నిలవడలేకపోతే దాని కింది ఎస్1 వేరు. ఇవన్నీ చదివినవే, కానీ బయట పదిమంది కూసుంటే మర్చిపోతవు.

మూత్రం ఆగిపోయినా, తెలువకుంట పోయినా, సైకిల్ సీటు తగిలే తావుల మొద్దువారినా చెయ్యి పెట్టకు. అదే పూట వరంగల్ ఎంజీఎం దవాఖానకు పంపు. పాదం ఈడ్చుకుంట వచ్చినోళ్లనూ ముందు డాక్టర్‌కు చూపియ్యి.

పిర్ర లోపలి పిరిఫార్మిస్ కండ కిందినుంచే కాలికి దిగే ఆ సయాటికా నరం పోతది. మోచెయ్యితోని పొడిస్తే నరాన్నే పొడిచినట్టయితది. పక్కకు పండవెట్టి, మోకాళ్ల నడుమ మెత్త పెట్టి, బొటనవేళ్లతోని నిమ్మళంగ ఒత్తు. చేసుకుంట చేసుకుంట ఒక్కటే అడుగు: "నొప్పి ఎక్కడిదాక ఉంది?" పాదం నుంచి పిక్కకు, పిక్క నుంచి నడుముకు ఎక్కుతుంటే, నడుంల జెర ఎక్కువైనా సరే, మంచి దారే. కిందికి దిగుతుంటే చెయ్యి తియ్యి. పత్తి ఏరెటోళ్లకైనా, ఎనుమాముల మార్కెట్‌ల బస్తాలు మోసే హమాలీకైనా ఇదే లెక్క.

ఎదురుకాళ్లతోని పుట్టినోళ్లతోని నడుం తన్నిచ్చుకొని వచ్చెటోళ్లు నీకు తగుల్తరు. నవ్వకు. తన్నిచ్చుకున్నంక నొప్పి పైకి పోయిందా, కిందికి దిగిందా అడుగు. నీకు కావాల్సిన కబురు అండ్లనే దొరుకుతది.

ఇగ జబ్బ. నేను కొత్తగ పెట్టినప్పుడు కొత్తవాడ నుంచి దర్రీలు నేసే ఒకామె వచ్చింది. కొప్పు పెట్టుకోను చెయ్యి పోతలేదన్నది. షుగరుందా అని నేను అడగలే. బిగుసుకున్నదాన్ని విడగొట్టాలె అనుకొని, ఆమె ఏడుస్తున్నా పళ్లు బిగవట్టుకో అమ్మా అని వంచిన. వారం రోజులు నిద్ర లేదట. మళ్ల రాలే. కూరగాయల మార్కెట్ల ఎదురైనప్పుడు ఆమె కొంగుతోని ఆ చెయ్యి కప్పుకున్నది. ఇప్పటికీ నాకు అదే యాదికొస్తది.

అందుకే మొదలు అడుగు: రాత్రి ఆ పక్కకు పండుకుంటున్నవా అని. లేదంటే కీలు ఇంకా మంట మీదున్నట్టు. కీలును చేత్తోని కదిలిచ్చుడుకు మెయిట్‌లాండ్ అనే ఫిజియో చెప్పిన గ్రేడ్లల ఒకటి, రెండు దాటకు, అవి నిమ్మళంగ కదిలిచ్చేటివి. నొప్పి సల్లవడి బిగువే మిగిలినంక, ఆ బిగువు దాక పొయ్యే మూడు, నాలుగుకు పో. మోచెయ్యి పక్కకు ఆనిచ్చి ముంజేతిని బయటికి తిప్పి చూడు, గడ్డకట్టిన జబ్బల (ఫ్రోజెన్ షోల్డర్) అన్నిటికన్న ఎక్కువ పొయ్యేది ఆ తిప్పుడే. దానికోసం కీలు గుండును ఎనుకకు జరుపుడు నాకు బాగ పనిచేసింది. నువ్వు లేపితే చెయ్యి పూర్తిగ లేచి, తనంతల తను లేపలేకపోతే మాత్రం అది గడ్డకట్టిన జబ్బ కాదు, లోపలి కండ తెగిందేమో చూపియ్యాలె.

షుగరున్నోళ్లకు ఇది ఎక్కువ వస్తది, ఆలస్యంగ పోతది. ఏడాది పడ్తది, ఒక్కోసారి రెండుమూడేండ్లు కూడా అని మొదటి రోజే చెప్పు. పది సిట్టింగులకు ప్యాకేజీ కట్టి పూర్తిగ తగ్గిస్త అనకు. ఇంట్ల దూలానికి తాడేసి మంచి చెయ్యితోని పట్టిన చెయ్యిని గుంజుకొమ్మను. పైసల్ లేని పని కాబట్టి సగంల ఇడిచిపెడ్తరు, మళ్ల మళ్ల అడుగు.

టేబుల్ నువ్వు పక్కన నిలవడితే పిడికిలి ఆనేటంత ఎత్తుండాలె. తక్కువుంటే వంగి వంగి నీ నడుమే పోతది. మిషన్ కొనకు, నాది ఒకటి ఊకెనే ఉంది. ఆదివారం మీ బాపుతోని పంపుత. వైరొకటి మార్పియ్యాలె.

మీ పెద్దబాపు