‘దృఢమైన’ ఆటలపెట్టె

సందేహం: 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో ఇంట్లోనే ఆర్కేడ్ క్యాబినెట్ (తెర, బటన్లు అమర్చిన నిలువెత్తు వీడియోగేమ్ పెట్టె) తయారు చేసుకుని, ఆ పద్ధతిని తెలుగులో రాశాను. ‘ధృడమైన గృహనిర్మిత ఆర్కేడ్ క్యాబినెట్ నిర్మాణం’ అని శీర్షిక పెడితే, చదివిన మిత్రుడు ‘ఇది తెలుగేనా?’ అన్నాడు. తప్పెక్కడుంది? ఆర్కేడ్ క్యాబినెట్‌ను తెలుగులో ఏమనాలి? వ్యాసం ప్రతిని జతచేస్తున్నాను.

సమాధానం: ముందుగా అక్షరదోషం. ‘ధృడ’ కాదు, ‘దృఢ’. మొదటి అక్షరానికి ఒత్తు లేదు, రెండోదానికి ఉంది. సంస్కృతంలో ‘ముహ్’ ధాతువు నుంచి మూఢ, ‘గాహ్’ నుంచి గాఢ, ‘రుహ్’ నుంచి రూఢ వచ్చినట్లే ‘దృహ్’ నుంచి దృఢ వచ్చింది. ధృతి, ధృతరాష్ట్రుడు అనే మాటల్లోని ధకారం ‘ధృ’ అనే వేరే ధాతువుది. ఆ మాటల అలవాటే చేతిని ఇటు లాగుతుందని నా అనుమానం. పాణిని ‘దృఢః స్థూలబలయోః’ అన్నాడు, అంటే లావు, బలం అనే అర్థాలలో ఈ రూపం సాధువని. మీ పెట్టెకు ఆ రెండూ ఉన్నాయి కనుక మాట ఎంపికలో దోషం లేదు.

‘గృహనిర్మిత’ మాత్రం వద్దు. గృహనిర్మాణమంటే ఇల్లు కట్టడమని స్థిరపడ్డాక, ఆ పోలికతో ఉన్న మాట పాఠకుణ్ణి సిమెంటు, ఇసుకల వైపు తీసుకుపోతుంది. ‘నిర్మాణం’ కూడా ఇళ్లకూ వంతెనలకూ సినిమాలకూ చెల్లుతుంది గాని, వడ్రంగి తలుపు చేస్తాడు, మంచం చేస్తాడు, పెట్టె చేస్తాడు. ‘ఇంట్లో చేసుకున్న’ అంటే చాలు.

ఇక ఆర్కేడ్. లాటిన్‌లో ‘ఆర్కుస్’ అంటే విల్లు. విల్లులా వంగి ఉంటుంది కనుక కట్టడంలోని వంపుకూ అదే పేరు వచ్చింది. మనం వాడే ‘కమాను’ కూడా పారశీకంలో విల్లే కావడం చూస్తే ముచ్చటేస్తుంది. అలాంటి కమానుల వరుసతో కట్టిన నడవలకు ఆర్కేడ్ అనే పేరు, ఆ నడవల్లోని అంగళ్లకు అదే పేరు, చివరికి నాణెం వేసి ఆడుకునే యంత్రాలున్న వినోదశాలలకూ అదే పేరు వ్యాపించింది. కాబట్టి మీ పెట్టెకు ఆ విశేషణం దాని ఆకారం వల్ల వచ్చింది కాదు, అలాంటివి ఒకప్పుడు నిలబడిన చోటు వల్ల వచ్చింది. దాన్ని అనువదించబోయి ‘తోరణపేటిక’ అంటే పెళ్లిసామాను అనుకుంటారు. క్యాబినెట్ అంటే, పత్రికలు చదివేవారికి ముందు మంత్రివర్గమే తోస్తుంది.

‘పెట్టె’ను మించిన మాట నాకు కనబడదు. దేనితో చేసినా పెట్టె పెట్టే: అగ్గిపెట్టె అట్టది, ఇనప్పెట్టె ఇనుముది, మనుషులు కూర్చునే రైలుపెట్టె కూడా పెట్టే. 1971 నాటి ‘కంప్యూటర్ స్పేస్’ అనే ఆటయంత్రానికి ఫైబర్‌గ్లాస్ తొడుగు ఉండేది కనుక ‘చెక్క’ అనే మాటను పేరులో ఇరికించనక్కరలేదు. ఇక్కడ ఏకవచన, బహువచనాల సూక్ష్మం ఒకటుంది. అగ్గి ఒకటే కనుక అగ్గిపెట్టె. పోపుదినుసులు పలు రకాలు కనుక పోపులపెట్టె. 1980 నాటి ‘ప్యాక్-మ్యాన్’ యంత్రంలో ఉన్నది ఒకే ఆట, అది ఆటపెట్టె. మీరు పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్‌లో ఆడించే ‘మేమ్’ సాఫ్ట్‌వేర్ పెట్టి అనేక ఆటలు ఆడుతున్నారు కనుక మీది ఆటలపెట్టె. పిల్లల బొమ్మల పెట్టె అనుకుంటారేమోనన్న శంక ఉంటే మొదటిసారి ‘నిలువెత్తు ఆటలపెట్టె’ అని, ఆపైన పొట్టి రూపం వాడండి. ఆటను అటూ ఇటూ నడిపే పిడి జాయ్‌స్టిక్‌ను అలాగే ఉంచండి. బటన్‌కు మాత్రం, ఓటింగ్ యంత్రం పుణ్యమా అని అందరికీ తెలిసిన ‘మీట’ ఉంది.

మీ మిత్రుణ్ణి ఇబ్బంది పెట్టింది శీర్షిక కన్నా లోపలి వాక్యాలేనేమో. ‘పార్శ్వఫలకములు అంతర్గత మద్దతులచే బలోపేతము చేయబడినవి’ అని రాశారు. మీ చేతులు చేసిన పని ఇది: ‘పక్కచెక్కల మూలల్లో లోపలివైపు బద్దలు పెట్టి, ఫెవికాల్ రాసి, స్క్రూలతో బిగించాను.’ ఇలా రాస్తే దృఢత్వం అనే మాట అక్కరలేకుండానే బలం తెలుస్తుంది. ‘దృఢమైన’ కన్నా ‘ఎంత బాదినా ఊగని’ అనడం ఈ పెట్టెకు ఎక్కువ నప్పుతుంది, ఎందుకంటే ఆట వేడిలో మీటల మీద పడే దెబ్బలకు అది నిలవడమే మీరు చెప్పదలచిన గుణం.

‘చేవగల ప్లైవుడ్’ అన్నచోట చేవ తీసేయండి. చేవ అంటే చెట్టు కాండంలో నడిమి గట్టి భాగం; టేకు దూలానికి చేవ ఉంటుంది. ప్లైవుడ్ పలుచని పొరలను, ఒకదాని నారకు మరొకదాని నార అడ్డంగా వచ్చేలా అతికించి చేసేది. దాని బలం ఆ అడ్డు, నిలువుల అమరికది. ‘మందమైన ప్లైవుడ్’ అనండి, 18 మిల్లీమీటర్లని ఎలాగూ చెప్పారు.