ఫైల్‌సిస్టమ్ మౌంట్ బగ్‌ను సరిచేయాలంటే మొదట ఏ కోడ్ చదవాలి?

లినక్స్ కర్నెల్‌లో మౌంట్ (డిస్కులోని ఫైల్‌సిస్టమ్‌ను వాడుకకు జతచేయడం) బగ్‌ను సరిచేయడానికి ఎక్కడ మొదలుపెట్టాలని మీరు అడిగారు. మౌంట్ సవ్యంగా జరిగే దారిని ముందు చదవమని చాలామంది చెబుతారు గానీ, నా దృష్టిలో అది కాలయాపన. మౌంట్ విఫలమైనప్పుడు కర్నెల్ దేన్ని ఎప్పుడు విడుదల చేస్తుందో ముందు చదవండి. బగ్గులు కాపురముండేది అక్కడే.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన సంస్థలో సొంత ఫైల్‌సిస్టమ్ మాడ్యూల్ ఒకటి ఉండేది. మంచి డిస్కుతో దానికి ఏ ఇబ్బందీ లేదు. రూట్ ఐనోడ్ (మూల డైరెక్టరీ వివరాల రికార్డు) చెడిపోయిన డిస్క్ ఇమేజ్‌ను ఇస్తే మాత్రం మౌంట్ కుదరదని మర్యాదగానే చెప్పేది, కానీ ఆ తర్వాత ఎప్పుడో, దానితో సంబంధం లేని ప్రోగ్రామ్ నడుస్తుండగా కర్నెల్ కుప్పకూలేది. అందుకే అందరూ ర్యామ్‌ను అనుమానించారు, ఒక మెషీన్‌లో మార్చారు కూడా. మెమరీ తప్పులను పట్టే కాసాన్ (KASAN) అనే కర్నెల్ సాధనాన్ని ఆన్ చేసి కర్నెల్‌ను మళ్లీ బిల్డ్ చేశాక, అదే మెమరీని రెండుసార్లు ఫ్రీ చేస్తున్న సంగతి, మొదట ఫ్రీ చేసిందెవరో అన్న ఆనవాళ్లతో సహా, బయటపడింది.

మౌంట్ సమయంలో సూపర్‌బ్లాక్‌ను (ఫైల్‌సిస్టమ్ మొత్తం వివరాలుండే నిర్మాణాన్ని) నింపే మా ఫిల్_సూపర్ ఫంక్షన్ విఫలమైనప్పుడు తన ఎర్రర్ దారిలో ఎస్_ఎఫ్ఎస్_ఇన్ఫోను (అందులో మాడ్యూల్ సొంత డేటాను చూపే పాయింటర్‌ను) ఫ్రీ చేసి, పాయింటర్‌ను నల్ చేయకుండానే వెనక్కి వచ్చేది. ఫిల్_సూపర్ విఫలమైనా వీఎఫ్ఎస్ (అన్ని ఫైల్‌సిస్టమ్‌లకూ ఉమ్మడిగా ఉన్న కర్నెల్ పొర) సూపర్‌బ్లాక్‌ను తొలగించే కిల్_ఎస్‌బీని పిలుస్తుంది. మా మాడ్యూల్ అక్కడా అదే పాయింటర్‌ను ఫ్రీ చేసేది. అన్‌మౌంట్‌లో శుభ్రం చేసే పుట్_సూపర్ సంగతి వేరు, రూట్ డెంట్రీ (మూల డైరెక్టరీ పేరును ఐనోడ్‌తో కలిపే నిర్మాణం) ఏర్పడి ఉంటేనే దాని వంతు వస్తుంది. ఆ డెంట్రీని తయారుచేసే డీ_మేక్_రూట్ అయితే తాను విఫలమైనప్పుడు ఐనోడ్‌ను తానే వదిలేస్తుంది కనుక మనం ఐపుట్‌తో దాన్ని మళ్లీ వదలకూడదు. ఇన్ని మెలికలున్న చోట మేము చేసిన మార్పల్లా ఎర్రర్ దారిలోని ఒక్క కేఫ్రీని (మెమరీని ఫ్రీ చేసే పిలుపును) తొలగించడమే.

మౌంట్ కమాండ్ సందేశాల మీద నాకు పాత కోపం ఒకటుంది. రకం తప్పో, ఆప్షన్ తప్పో, సూపర్‌బ్లాక్ చెడిందో తేల్చకుండా అన్నిటినీ ఒకే వాక్యంలో కలిపి చెబితే, అసలు కారణం కోసం డీమెసేజ్‌ను (కర్నెల్ లాగ్‌ను) వెతుక్కోవలసిందే. 2019లో కర్నెల్ 5.2 వెర్షన్‌తో వచ్చిన ఎఫ్ఎస్ఓపెన్ అనే సిస్టమ్ కాల్ పద్ధతిలో, కారణాన్ని అది తిరిగిచ్చే ఫైల్ డిస్క్రిప్టర్ నుంచే చదువుకోవచ్చు. అది ఇంకా ముందే రావలసింది.

మీ బగ్ విషయానికొస్తే, వర్చువల్ మెషీన్‌లో కాసాన్‌తో పాటు ఫెయిల్‌స్లాబ్‌నూ ఆన్ చేసి, మెమరీ కేటాయింపులు ఒక్కొక్కటే విఫలమయ్యేలా మళ్లీ మళ్లీ మౌంట్ చేయండి. మామూలు టెస్టులు తొంగిచూడని ఎర్రర్ లేబుళ్లు (విఫలమైనప్పుడు కోడ్ దూకే చోట్లు) చాలావరకు అప్పుడు నడుస్తాయి.