పదేళ్ల నింజా 650 మార్చి ఏ పెద్ద స్పోర్ట్స్ టూరర్ (వేగంతో పాటు దూరప్రయాణానికి సుఖంగా ఉండే బైక్) తీసుకోవాలి?

మీరు వెళ్లేది హైదరాబాద్ నుంచి బెంగళూరుకు నెలకోసారి, అదీ వెనక మనిషితో, సామానుతో అయితే, నా ఓటు కవాసాకి నింజా 1100ఎస్ఎక్స్‌కే.

సుజుకి హయబుసా బైక్ మీద మనసు లాగుతుంది, నిజమే. 1340 సీసీ, 190 హార్స్‌పవర్. కానీ దాని హ్యాండిల్ కిందికి ఉంటుంది. కర్నూలు దాటేసరికే మణికట్లు లాగేస్తాయి. బరువు 266 కిలోలు, గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ, 125 మిల్లీమీటర్లే. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల మీద ఇద్దరు కూర్చుంటే బండి అడుగుభాగం తగిలే ప్రమాదం ఎక్కువ.

1100ఎస్ఎక్స్‌లో 1099 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్, 136 హార్స్‌పవర్, 19 లీటర్ల ట్యాంకు. అంకె తక్కువని చిన్నచూపు చూడొద్దు. తక్కువ ఆర్‌పీఎంలోనే, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే, టార్క్ (లాగే బలం) అందుతుంది కాబట్టి, లారీని దాటేటప్పుడు ప్రతిసారీ గేరు తగ్గించక్కర్లేదు. యాక్సిలరేటర్ తిప్పి పట్టుకోకుండానే ఒకే వేగం నిలిపే క్రూజ్ కంట్రోల్ కూడా ఉంది. ఎన్‌హెచ్ 44 మీద కుడి చేతికి ఎంత హాయో వాడితేనే తెలుస్తుంది.

షోరూంలో ఒక పని తప్పక చేయండి: ఇంజిన్ ఆపేసి, బండి మీద కూర్చుని, కొంచెం ఎత్తున్న చోట కాళ్లతోనే వెనక్కి నెట్టి చూడండి. రోజూ ఇంటి ముందు చేయాల్సింది అదే కదా.

సెకండ్ హ్యాండ్ అయితే టైరు పక్కన నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గీతలు ఎంత లోతుగా ఉన్నా అంత పాత రబ్బరు తడి రోడ్డు మీద పట్టదు. కొత్త టైర్ల ఖర్చు బేరంలో తీసేయించండి.