మర్నాటికి లేచిందని ఊరుకోకండి: కాపలా కుక్క కడుపులో రక్తస్రావం

ప్రశ్న: మా మామిడి తోటకు కాపలా ఉండే లాబ్రడార్ కుక్కకు పదేళ్లు. వారం కిందట ఉన్నట్టుండి కూలబడింది. మర్నాడు మామూలుగా తిరిగింది. నిన్న మళ్లీ పడిపోయింది, పొట్ట కాస్త ఉబ్బింది. ఎలుకల మందు తిని ఉంటుందని అందరూ అంటున్నారు. గేదెలకు ఏమైనా అంటుకుంటుందా?
– ఒక రైతు, నూజివీడు ప్రాంతం

జవాబు: ముందు కుక్కను బండి ఎక్కించండి, మిగతాది దారిలో చదువుకోవచ్చు.

పడడం, మర్నాటికి లేవడం అని రాశారు చూడండి, అది చదవగానే నాకు ప్లీహం మీద అనుమానం వచ్చింది. మటన్ కొట్లో తిల్లీ అంటామే, అదే. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతి కుక్కలకు వయసు మళ్లాక దాని మీద రక్తనాళాల గడ్డ లేస్తుంటుంది. లోపలంతా రక్తమే, పైపొర పల్చన. చిట్లితే రక్తం పొట్టలోకి కారుతుంది, బయటికి చుక్క కూడా కనపడదు. కొద్దిగా చిట్లితే దానంతటదే ఆగుతుంది, కారిన రక్తంలో చాలావరకు ఒళ్లు మళ్లీ పీల్చుకుంటుంది. అందుకే మర్నాడు తోకాడించుకుంటూ గేటు దగ్గరికి వస్తుంది, మనం తగ్గిందనుకుంటాం. ఈసారి ఎంత కారుతుందో ఎవరూ చెప్పలేరు.

పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. చిగురు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే గంట కూడా ఆగొద్దు.

ఎలుకల మందు మాట కొట్టిపారేయలేను. నూకలు 96 పాళ్లు, నూనె 2, బ్రోమడయోలోన్ 2 పాళ్లు కలిపి పెట్టే ఎర తింటే రక్తానికి గడ్డకట్టే గుణం పోతుంది. కొన్ని రోజులయ్యాక గానీ లక్షణాలు బయటపడవు. దానికి విటమిన్ కె1 విరుగుడు ఉంది, వారాల తరబడి ఇవ్వాలి. ఎర పెట్టి ఉంటే ఆ ప్యాకెట్, పెట్టిన తేదీ డాక్టరుకు చూపించండి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాల్లోనూ రక్తస్రావం అవుతుంది కాబట్టి రక్తపరీక్ష తప్పదు. గడ్డ ఉందో లేదో తేల్చేది మాత్రం అల్ట్రాసౌండ్ స్కానింగే. మీకు గన్నవరం పశువైద్య కళాశాల దగ్గర. బయల్దేరేటప్పుడే ఫోన్ చేసి స్కానింగ్, ఆపరేషన్ కుదురుతాయా అని అడగండి.

గడ్డ అయితే ప్లీహం మొత్తం తీసేస్తారు. అది లేకపోయినా కుక్క బతుకుతుంది. అన్నీ క్యాన్సర్ గడ్డలు కావు, వట్టి రక్తపు గడ్డలూ ఉంటాయి. అవైతే ఆపరేషన్‌తో పోతాయి. అందుకే తీసిన ముక్కను బయాప్సీకి పంపమని పట్టుబట్టండి. క్యాన్సర్ అయితే మాత్రం ఆపరేషన్ ఒక్కటే చేస్తే సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు, కీమో కూడా ఇస్తే నాలుగు నుంచి ఆరు నెలలు. అప్పటికే కాలేయానికో గుండెకో పాకి ఉంటే, ఆపరేషన్ వద్దనుకుని నొప్పి లేకుండా సాగనంపడం కూడా దాని మీద ప్రేమే. పదేళ్లు తోట కాసిన ప్రాణం, ఆ నిర్ణయం మీకెంత కష్టమో నాకు తెలుసు.

గేదెలకు ఇది అంటదు. ఎలుకల ఎర మాత్రం వాటికీ ప్రమాదమే, బొరియల్లోనే పెట్టి మూసేయండి.

తీసుకెళ్లేటప్పుడు పొట్ట నొక్కకుండా చెక్క మీద గానీ దుప్పటిలో గానీ పడుకోబెట్టండి. నొప్పికని ఇంట్లో ఉన్న డైక్లోఫినాక్, ఆస్పిరిన్ వేయకండి, రక్తస్రావం ఇంకా పెరుగుతుంది.