పల్నాటి నాటకానికి బట్టలు: మెరుపు కాదు, నేత చూసుకోండి

ప్రశ్న: గుంటూరులో మా కాలేజీ వార్షికోత్సవానికి పల్నాటి వీరుల కథను నాటకంగా వేస్తున్నాం. మొత్తం 14 మందిమి. అద్దెకు దొరికేవన్నీ వెల్వెట్, శాటిన్, చమ్కీ డ్రెస్సులే. 12వ శతాబ్దానికి నప్పే బట్టలు విజయవాడ, గుంటూరుల్లో ఎక్కడ దొరుకుతాయి? మా దగ్గర డబ్బు ఎక్కువ లేదు.

జవాబు: డబ్బు తక్కువని దిగులు పడకండి. ఆ కాలపు దుస్తుల్లో కుట్టు చాలా తక్కువ, కట్టు ఎక్కువ. పంచె, ఉత్తరీయం, తలపాగా, నడుంకట్టు, చీర అన్నీ చుట్టుకునేవే. టైలర్‌కి ఇవ్వాల్సిన డబ్బు మిగులుతుంది కాబట్టి అది కూడా బట్ట మీదే పెట్టండి. నేను 12 ఏళ్లుగా గుంటూరు, తెనాలి, విజయవాడల్లో కాలేజీ నాటకాలకీ, పరిషత్తు పోటీలకు వెళ్లే రెండు బృందాలకీ బట్టలు చూస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు గట్టిగా తెలిసింది ఒకటే. రాజుకీ బంటుకీ తేడా మెరుపుతో చూపించకూడదు. నేత సన్నదనంతో, మూరల పొడవుతో, అంచుతో చూపించాలి.

ఇది నా ఇష్టం కొద్దీ చెప్పే మాట కాదు. చీరాల దగ్గర మోటుపల్లి రేవు ఉంది కదా. 13వ శతాబ్దం చివర్లో అక్కడికి వచ్చిన మార్కోపోలో ఇక్కడి సన్నని నూలు బట్టల్ని సాలెగూడుతో పోల్చాడు, రాజులూ రాణులూ కట్టుకోదగ్గవి అన్నాడు. పల్నాటి యుద్ధం అంతకు వందేళ్ల ముందు సంగతి. అంటే మన గడ్డ మీద గొప్పవాడి బట్ట అంటే గాలికి తేలే సన్నని నూలు కూడా. వెల్వెట్ అంగీ ఒక్కటే రాచరికం అనుకోవడం మనకు నాటకం కంపెనీల నుంచి వచ్చిన అలవాటు.

మొదటి నాటకానికి నేనూ అలాంటి పొరపాటే చేశాను. విజయవాడ వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టాయన "కాటన్ సిల్కమ్మా, ఉతికినా ఏం కాదు" అంటే నమ్మి మెరూన్ రంగు బట్ట తాను మొత్తం తీసుకొచ్చాను. చేతికి మెత్తగా, చల్లగా ఉంది. తీరా స్టేజి మీద లైట్లు పడేసరికి నిగనిగలాడిపోయింది. యుద్ధానికి బయల్దేరే వీరులు పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వాళ్లలా కనిపించారు. దానికితోడు చెమటకి రంగు దిగి తెల్ల కండువాల నిండా మరకలు. బ్రహ్మనాయుడి సేనాని కన్నమదాసు వేషం వేసిన అబ్బాయి ఎంత బాగా చేశాడో, కానీ చూసేవాళ్ల కళ్లు వాడి మెడ మీద ఎర్రమరక దగ్గరే ఆగిపోయాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి అగ్గిపెట్టె లేకుండా బట్టల కొట్టుకి వెళ్లను. కొనే ముందు పడుగు (నిలువు దారాలు) నుంచి ఒక పోగు, పేక (అడ్డ దారాలు) నుంచి ఒక పోగు లాగి, కొట్టు బయటికి వచ్చి విడివిడిగా కాల్చి చూస్తాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే మెత్తని బూడిద అవుతుంది. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన. పాలిస్టర్ అయితే ముడుచుకుని కరిగి, చివర గట్టి పూసలా మిగులుతుంది. రెండు పోగులూ కాల్చాలి అనడానికి కారణం ఉంది. పడుగు నూలు, పేక పాలిస్టర్ ఉన్న బట్టలు చాలా వస్తున్నాయి. కొట్టువాళ్లని ముందే అడగండి, ఏమీ అనుకోరు. నాటకంలో దీపాలు, కాగడాలు ఉంటే ఇది ఇంకా ముఖ్యం. నూలు కూడా అంటుకుంటుంది, కానీ పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

ఇక ఎక్కడ కొనాలి అంటే, మీరు గుంటూరులో ఉన్నారు కాబట్టి మొదట మంగళగిరి వెళ్లండి. విజయవాడ బస్సెక్కి మధ్యలో దిగడమే. పానకాలస్వామి గుడికి వెళ్లే దారిలో చేనేత కొట్లు వరసగా ఉంటాయి, కానీ వీలైతే ఎవరైనా తెలిసినవాళ్లని పట్టుకుని మగ్గం ఉన్న ఇంటికే వెళ్లండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు గుంట మగ్గం మీద కూర్చున్న పెద్దాయన నా చేతిలో ఉన్న బట్ట తీసుకుని అంచు పొడవునా వేలితో రాసి, "ఇదిగో చూడమ్మా, సూదితో పొడిచినట్టు చిన్న చిన్న చిల్లులు కనపడతన్నాయా? నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా పుల్లలు పెడతాం. వాటి మొనల గుర్తులే ఇవి" అన్నారు. మగ్గం బట్ట అవునో కాదో తెలుసుకోవడానికి నేను ఇప్పటికీ మొదట చూసేది ఆ చిల్లులే. నాటకానికని చెప్తే ఆయనే ఇంకో మాట అన్నారు: "ఏందమ్మా, గంజితోనే కట్టిస్తావా? నాలుగుసార్లు ఉతికి గంజి పోగొట్టు. అప్పుడే మడత కిందికి జారుద్ది." గుళ్లో శిల్పాల తొడల మీద ఒంటికి అంటుకుని జారే మడతలు ఉంటాయి చూడండి. బట్టలో గంజి ఉన్నంతకాలం అవి రానే రావు.

మంగళగిరి సాదా నూలు మీటర్ల లెక్కన కూడా అమ్ముతారు. గుడి గోపురాల్లాంటి మొనలు వరసగా ఉండే అంచుని నిజాం బోర్డర్ అంటారు. పేరు తరవాతి కాలానిదే గానీ, స్టేజి దూరం నుంచి ఆ మొనలు పాతకాలపు అంచులాగే కనిపిస్తాయి. నలగామరాజుకీ, బ్రహ్మనాయుడికీ ఆ సన్నని నూలే తీసుకోండి. జరీ సన్న గీతలా ఉంటే చాలు.

నాయకురాలు నాగమ్మ చీర దగ్గర మాత్రం డబ్బుకి వెనకాడవద్దు. గోచీ పోసి కట్టాలంటే ఇప్పటి చీర చాలదు, ఎనిమిది తొమ్మిది గజాలు కావాలి. రెడీమేడ్‌గా అంత పొడవు చీర వెతకడం కష్టం. నేను చేసే పని ఏంటంటే, సాదా మంగళగిరి బట్ట తాను నుంచి 8 మీటర్లు తీసుకుని, విడిగా కొన్న అంచు కుట్టిస్తాను. మిషన్ కుట్టు పైకి కనబడకుండా చేత్తో కుట్టిస్తే ఇంకా బాగుంటుంది. రవిక వెనక హుక్కులు, పైపింగు లేకుండా ముందు ముడి వేసే ముడి రవిక, చీర రంగులోనే. మంత్రిగా సభలో అడుగుపెట్టినప్పుడు ఆ గోచీకట్టు నడకకే ఒక తీరు వస్తుంది. మామూలు కుచ్చిళ్ల చీరతో అది రాదు. ఒక్కసారి కట్టించి నడిపించి చూడండి, మీకే తెలుస్తుంది.

బంట్లకీ, ఊరి జనానికీ సన్న నూలు దండగ. విజయవాడ వన్ టౌన్‌లో వస్త్రలత కాంప్లెక్స్‌కి గానీ, మీ గుంటూరు పట్నంబజారుకి గానీ వెళ్లి కోరా గుడ్డ అడగండి. బ్లీచింగ్ చేయని ముతక నూలు అది. వస్త్రలతలో చాలామంది హోల్‌సేల్ వాళ్లే, రెండు మూడు మీటర్లంటే ఇవ్వరు. మీకు ఎలాగూ తాను కావాలి కాబట్టి ఇబ్బంది లేదు. మనిషికి పంచెకి 4 మీటర్లు. తలపాగాకి 5 మీటర్ల బట్టని నిలువునా రెండుగా చీలిస్తే ఇద్దరికి వస్తుంది. ఒకే తానులోంచి అందరికీ తీస్తే సైన్యం ఒక్కటిగా కనిపిస్తుంది. కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయడం మరచిపోవద్దు. కోరా గుడ్డ బాగా కుంచించుకుపోతుంది.

ఖాదీ భండార్‌లో కూడా ముతక పంచెలు దొరుకుతాయి. అక్టోబరు 2 నుంచి రిబేటు ఇస్తారు, మీ వార్షికోత్సవం ఆ తరవాత అయితే అప్పటిదాకా ఆగి కొనండి. పొందూరు ఖద్దరు కనిపిస్తే చేతిలోకి తీసుకుని ఒక్కసారి చూడండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి వడికే నూలు అది. ఖరీదు ఎక్కువ. ఒక్క ఉత్తరీయం కొనగలిగితే బ్రహ్మనాయుడి భుజం మీద వెయ్యండి.

తెలుపు విషయంలో జాగ్రత్త. నీలిమందు పెట్టిన పాలతెలుపు స్టేజి లైట్లకి కళ్లు చెదిరేలా కొడుతుంది, ముఖాలు కనబడవు. టీ డికాషన్‌లో ముంచినా సరిపోతుంది గానీ నాకు కరక్కాయ ఇష్టం. మూలికలు అమ్మే కొట్లో కరక్కాయ పొడి తెచ్చి, రాత్రి నీళ్లలో నానబెట్టి, వడగట్టి, బట్టని అందులో నానబెట్టి ఎండలో ఆరెయ్యండి. లేత పసుపు కలిసిన గోధుమరంగు వస్తుంది. నల్లరంగు కావాలంటే రెండు వారాల ముందే తుప్పుపట్టిన మేకులు, బెల్లం నీళ్లలో వేసి మూత పెట్టి ఉంచాలి. కరక్కాయ పట్టిన బట్టని ఆ నీళ్లలో ముంచగానే, మీ కళ్ల ముందే బూడిదరంగుకి తిరిగి, ఇంకోసారి ముంచితే నల్లబడుతుంది. మొదటిసారి మా పెరట్లో పాత బకెట్లో అలా మారడం చూసి నేను చాలాసేపు కదలకుండా అక్కడే కూర్చుండిపోయాను. కలంకారీలో నల్లరంగు కూడా ఇదే పద్ధతిలో వస్తుంది. ఇనుము నీళ్లలో ఎక్కువసేపు ఉంచకండి, నూలు పెళుసుబారుతుంది. చేతులకి గ్లవ్స్ వేసుకోండి.

కలంకారీ అన్నాను కాబట్టి చెప్తున్నాను, పెడన అద్దకం బట్టలు చూడగానే కొనెయ్యాలనిపిస్తుంది. పెద్ద పెద్ద పూలతీగలు, సైప్రస్ చెట్ల డిజైన్లు మాత్రం వద్దు. అవి గోల్కొండ కాలంలో మచిలీపట్నం నుంచి ఇరాన్‌కి, యూరప్‌కి బట్ట వెళ్లే రోజుల్లో స్థిరపడిన తీరు, మీ కథకి నాలుగైదు వందల ఏళ్ల తరవాతివి. చుక్కలు, గీతలు, చిన్న చిన్న గళ్ల అచ్చులు తీసుకోండి. అలాగే కుల్లాయి (పొడుగు టోపీ), కబాయి (పొడుగు అంగీ) కూడా వద్దు. లేపాక్షి చిత్రాల్లో కనిపించే ఆ పొడుగు టోపీలు విజయనగరం నాటివి. అటువైపు అమరావతి శిల్పాలు చూసి దించితే వెయ్యేళ్లు వెనక్కి పోతారు. మీకు దగ్గర కాలంది 1213 నాటి రామప్ప గుడి. అక్కడి శిల్పాల ఫొటోలు పెద్దవి చేసి నడుము దగ్గర ముడి ఎటువైపు ఉందో, చెంగు ఎంత కిందికి వేలాడుతోందో చూడండి. విజయవాడలో బాపు మ్యూజియానికి ఒక పూట వెళ్లి విగ్రహాల వెనకవైపు కూడా చూసి రండి. ఫొటోల్లో వెనక కట్టు కనబడదు.

పట్టు కావాలంటే కొత్తది కొనకండి. పాత జరీ చీరలు కొనేవాళ్లు మన వీధుల్లో తిరుగుతూనే ఉంటారు, బజారులో కొట్లు కూడా ఉన్నాయి. వెండి కోసం వాటిని కాల్చేస్తారు. ఒకసారి అలా గోనెసంచిలో కుక్కిన చీరల్లో వంకాయరంగు పట్టుచీర ఒకటి కనిపించింది. ఒళ్లు అక్కడక్కడా చిరిగింది, అంచు మాత్రం చెక్కుచెదరలేదు. ఆయనకి వచ్చే వెండి ఖరీదుకి కొంచెం ఎక్కువ ఇచ్చి తెచ్చుకున్నాను. చిరుగులు మడతల్లోకి పోయేలా కడితే నలగామరాజుకి ఉత్తరీయం అయింది. ఇప్పటికి నాలుగు నాటకాలు చూసిందది. మీ ఇళ్లలో అమ్మమ్మల బీరువాలు కూడా అడగండి, కానీ ఒక్క మాట, అలాంటి చీరకి కత్తెర పెట్టకండి. మడిచి, పిన్నుతో బిగించి, నాటకం అయ్యాక ఉతికి తిరిగి ఇచ్చెయ్యండి. అలా మాట నిలబెట్టుకుంటే వచ్చే ఏడు వాళ్లే పిలిచి ఇస్తారు.

చాపకూడు సీన్ మీ నాటకంలో ఉందా? ఉంటే దానికొక సలహా. అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తినే ఆ సీన్‌లో బ్రహ్మనాయుడితో సహా అందరికీ అదే కోరా గుడ్డ కట్టించండి, ఉత్తరీయాలు పక్కన తీసి పెట్టించండి. ముందు సీన్లలో ముతక, సన్నం తేడా చూసి ఉన్న ప్రేక్షకులకి ఇక్కడ ఆ తేడా పోయిందని డైలాగు లేకుండానే తెలుస్తుంది. మేము అలా చేసినప్పుడు ముందు వరసలో ఉన్న ఒక పెద్దావిడ "అందరికీ ఒకే గుడ్డ కట్టారు చూడవే" అని పక్కావిడతో అనడం స్టేజి పక్క తెర వెనక నిలబడ్డ నాకు వినిపించింది.

కత్తులు, డాళ్లు అద్దెకే తెచ్చుకోండి, అవి చేయించడం మన వల్ల కాదు. చెప్పులు లేకపోయినా ఫరవాలేదు. యుద్ధం సీన్లో పరుగెత్తే వాళ్లకి గోచీని నడుం దగ్గర నాలుగు కుట్లు వేసి, లోపల గోధుమరంగు షార్ట్ వేయించండి. కనీసం పది రోజుల ముందు నుంచి రిహార్సల్స్ పంచెలతోనే చేయించండి. ప్యాంటుకి అలవాటుపడిన కుర్రాళ్లు మొదటి రెండు రోజులు చేత్తో పంచె పట్టుకునే నడుస్తారు. మూడో రోజుకి వదిలేస్తారు. ఆ పది రోజుల చెమటకీ, ఉతుకులకీ బట్ట కూడా పాతబడి ఒంటికి అలవాటవుతుంది. ఆఖరి ఉతుకు తరవాత ఇస్త్రీ మాత్రం చేయించకండి. తడిగా ఉన్నప్పుడే పొడవుగా మెలితిప్పి, ముడి వేసి నీడలో ఆరనివ్వండి, విప్పగానే సన్నటి ముడతలు నిలువుగా జారతాయి.